గదుమ

బండ ఏరేముందు మా ఆయన
సుత్తితో ఒక్క దెబ్బ కొడ్తాడు.
చెవి పెట్టడు. కామ పట్టుకున్న అరిచేతిని వింటాడు.
"లోపల నెర్రె ఉంటే ఎముకకు తెలుస్తాది లే."
ఎర్రగుంట్ల నాపరాళ్లలో ఇరవై ఏండ్లు,
ఆయన చెవులు ఎప్పుడో సగం మిషన్లకు పొయ్యినాయి.

బిడ్డను ముందు నర్సమ్మ చూసింది.
చెవులుండాల్సిన చోట రెండు పక్కలా
శనగగింజంత కండ. రంధ్రం లేదు.
మా అత్త గ్రహణం లెక్కలేసింది,
ఆ పొద్దు ఏం కోసినావే అని అడిగింది.
వంకాయలు, అత్తా. రోజూ కోసినా.

షమీమ్ అని పేరు పెట్టినాము.
పిలిస్తే తిరగదు.
ఏడ్చినప్పుడు ఎత్తుకొని
నా గదుమ దాని నడినెత్తిన ఆనించి
ఊఁ ఊఁ అంటే ఊరుకుండేది.
ఎత్తుకున్నందుకే అనుకుంటి.

కర్నూలు పెద్దాసుపత్రిలో మాధురీలత మేడం
కోత లేదు, కుట్టు లేదు అన్నారు.
తలఎముక ఇంకా పలచన,
ఐదారేండ్లు రానీ, అప్పుడు చూద్దాం.
అంతదాంక నెత్తి చుట్టూ సాగే పట్టీ,
పట్టీకి సగం అగ్గిపెట్టెంత డబ్బా.
వాకిలి మూసుకుపోయింది గానీ లోపలి ఇల్లు బాగుందమ్మా,
శబ్దం ఎముక పట్టుకొని పోతాది.
నాకు అర్థం కాలేదు.
మా ఆయనకు అయింది. "సుత్తికామ కదా, మేడం?"
ఖరీదు విని మాత్రం
చదరపు అడుగుల్లో లెక్క కట్టుకుంటా గమ్మునైనాడు.

పట్టీ కట్టి ఆన్ చేసినారు.
పేరు పిలుద్దామని నోరు తెరిస్తి.
వరండాలో ఎవరో టిఫిన్ మూత జారవిడిచిరి.
నా బిడ్డ మొదట విన్నది ఆ మూతను.
కండ్లు ఇంత చేసుకొని,
అది దొర్లి దొర్లి ఆగేదాంక కదల్లేదు.
నేను కూడా ఎప్పుడూ
ఒక మూతను చివరిదాంక వినలేదు.

నూనె పెడితే పట్టీ జారుతాది.
ఎండకు నుదుటి మీద ఎర్రగా గీత.
గోడకు ఆనుకుంటే కీచుమంటాది.
బ్యాటరీ బిళ్ల నోట్లో పెట్టుకోకుండా గూటికి చిన్న తాళం.
ప్రొద్దుటూరు బస్సులో ఒకామె,
"ఏందిమ్మే, పసిబిడ్డకు అంత బిగించినావు?"
రెండు స్టాపుల దాంక చెప్పినా.
దిగేటప్పుడు దాని బుగ్గ గిల్లి
"నజరు తగలకుండా కట్టినావులే" అనింది.

పాలిష్ ఫ్యాక్టరీ దాటేటప్పుడు
షమీమే పట్టీ పీకేస్తాది.
ఆ రొద వద్దనుకునే యోగం
మా వీధిలో దానికొక్కదానికే.

ఇప్పుడు రెండున్నరేండ్లు.
'మ్మ' అంటాది, ముందు 'అ' మింగేసి.

మొన్న రాత్రి కరెంటు పోయింది.
పట్టీ విప్పి డబ్బాలో పెట్టేసినా.
చీకట్లో తడుముకుంటా వచ్చి
రెండు చేతులా నా గదుమ లాక్కొని
నడినెత్తిన పెట్టుకుంది.
ఎదురుచూస్తా ఉండాది.
ఏం చెప్పాలో తోచలేదు.
రేపు వంకాయ కూర, అని చెప్పినా.