పలచని గాలి

నా బతుకుతెరువు ఊపిరి.
సాంతా క్రూస్‌లో పిల్లలకి ఈత నేర్పుతాను.
ముఖం ముంచు, పది లెక్కపెట్టు, బుడగలు వదులు.
ఇరవై ఏళ్ళుగా ఇదే పాఠం.

లాపాజ్‌కి గంట ప్రయాణం.
కిటికీ పక్కన నికొలాసా తికోనా.
ఎల్ ఆల్తో బజారులో చున్యో అమ్ముతుందట:
రాత్రుళ్ళు గడ్డకట్టించి, పగలు పాదాలతో తొక్కి
నీళ్ళన్నీ పిండేసిన బంగాళాదుంప.
"బరువుండదు, పదేళ్ళుంటుంది," అంది
ఒళ్ళో సంచి తడుముతూ.

చప్పుడు పెద్దదేం కాదు.
పక్కింట్లో ఎవరో తలుపు విసిరేసినట్టు.
అంతలోనే వరుసల మధ్య తెల్లగా పొగమంచు,
ఎవరి చేతిలోనో ఉబ్బి పగిలిన చిప్స్ పొట్లం,
చెవుల్లో దిగిన మేకు.
నెత్తిమీద మూతలు ఊడి
పచ్చటి గిన్నెలు తాళ్ళకి వేలాడాయి.

నేను చూస్తూ కూర్చున్నాను.
నవ్వొచ్చింది. ఒట్టు, నవ్వొచ్చింది.
ఊపిరి బిగబట్టాను, అలవాటు కొద్దీ.
నీళ్ళలో నన్ను బతికించిన విద్య
అక్కడ చంపేదట, తరవాత చెప్పారు.
తన గిన్నె తగిలించుకున్నాక ఆవిడ
నాది లాగి ముక్కుకి అదిమింది.
గొట్టంలోంచి కాలిన దుమ్ము వాసన,
ఆవిడ వేళ్ళ మీద దుంపల వాసన.

విమానం ముక్కు వంచింది.
పదివేల అడుగులకి దిగితే చాలు, గాలి దొరుకుతుంది.
కానీ కింద కొండలే అంతకన్నా ఎత్తు.
దిగడానికి అడుగు లేని ఆకాశం.
సగంలో ఆగి, వంకరగా, దారి వెతుక్కుంటూ పోయాం.
ఇల్లిమాని మంచు మాకన్నా పైన నిలబడి చూసింది.

వెనక ఎవరో కక్కుకుంటున్నారు.
ఒక తండ్రి కూతురి పెదాల రంగు
చూసిందే మళ్ళీ మళ్ళీ చూస్తున్నాడు.
నికొలాసా గిన్నె తీసేసి
టోపీ సరిచేసుకుంది.
"ఇంకేం, మా బజారు గాలేగా!"

దిగాక తలుపు తెరిచారు.
గాలి వస్తుందని అందరం అటే తిరిగాం.
వచ్చింది.
లోపల ఉన్నంతే ఉంది.

పది అడుగులకొకసారి ఆగుతున్నాను.
నా పెట్టె ఆవిడ చేతిలో,
ఆవిడ సంచి నా భుజాన.
నిజమే, బరువు లేదు.
"తొందరెందుకు? ఒక గుక్క. అది అయ్యాక ఇంకోటి."
తల ఊపి లెక్క మొదలుపెట్టాను.
ఏడు దగ్గర తప్పిపోయింది.