నలభై ఎనిమిది గంటలు

చిలోయే దీవిలో వాన ఆగిందంటే
ఊపిరి పీల్చుకోవడానికే. మళ్ళీ మొదలెడుతుంది.
పొయ్యిలో తడి కట్టె బుసకొడుతూంటే
రాత్రి పదకొండింటికి
ఏడాదికి ఇరవై రెండు వేల పెసోలు కట్టి
ఇంత చోటు అద్దెకు తీసుకున్నాను.

ఎక్కడుందో తెలీదు ఆ చోటు.
శాంతియాగో అన్నారు. కాదు, ఇంకా ఉత్తరాన ఎక్కడో
చలిగాలి ఊదే గదిలో, ఎవరిదో యంత్రంలో
ఓ మూల.

స్వాగతం అంటూ ఉత్తరం వచ్చింది.
నోల్ఫా హుఎంచూర్ అన్న పేరు తోక కోసి
చివర ఏడంకె తగిలించి
ఇక్కడ నువ్వు ఇదే, అంది.
పాస్‌వర్డ్ పెట్టమంది.
లుసేరో అని కొట్టాను.
బలహీనం, అంది ఎర్రగా.

లుసేరో బలహీనమా!
మా ఇంటిని సముద్రం దాకా లాగిన ఎద్దు అది.

ఇల్లు కట్టి చూడు అంటారు అందరూ.
మా దీవిలో ఇల్లు లాగి చూడాలి.
నాకప్పుడు తొమ్మిదేళ్ళు.
కిటికీల అద్దాలు ఊడదీసి పరుపుల మధ్య దాచారు.
కింద దుంగలు, ముందు పదహారు జతల ఎద్దులు,
మోకులు పట్టుకుని ఊరు ఊరంతా ఒక్క గొంతు.
మా గుమ్మం నన్ను దాటుకుని
నడిచి వెళ్ళిపోవడం చూశాను.
పోటు వేళకి నీళ్ళలోకి దించి
పడవలకు కట్టి అవతలి ఒడ్డుకి.
పొయ్యి ఆర్పనివ్వలేదు అమ్మ.
సముద్రం మీద మా ఇంటి పొగ.

సరే. లుసేరోకి రెండు అంకెలూ ఒక చుక్కా కలిపితే
తలుపు తీశారు.
లోపల ఒక్కటే ఫోల్డరు.
ఫైళ్ళు: సున్నా.
ఆటు తీసిన ఒడ్డులా ఉంది,
ఎవరి అడుగూ పడక.

పాత చోటు నెలాఖరుకి మూసేస్తున్నారట.
నలభై మూడు రకాల విత్తనపు దుంపలు నావి,
వేలంత పొడుగు మిచూన్యె,
కోస్తే లోపల ఊదాగా నవ్వే బ్రూహా,
మా అత్త తప్ప ఎవరూ పేరు పెట్టని ఆ గరుకుది.
ఒక్కో బొమ్మా దించి, మళ్ళీ ఎక్కించి,
సిగ్నల్ పోయినప్పుడల్లా
ఫోను పట్టుకుని కోళ్ళగూడు పక్క మెట్టెక్కి
తెల్లారేసరికి ముప్ఫై తొమ్మిది చేరాయి.

గర్వంగా నా పేజీ తెరిచాను.
అనుమతి లేదు, అంది.
నా ఇంట్లోకి నాకే!

బడిలో కంప్యూటర్లు చూసే ఒస్వాల్దో
పళ్ళు తోముకుంటూనే ఫోనెత్తి చెప్పాడు:
"మొదటి పేజీ పేరు పెద్దబడిలో మొదలెట్టావు టీచరమ్మా,
చిన్నబడి చెయ్యి."
నలభయ్యేళ్ళు పిల్లలకి
పేరు ముందు పెద్దబడి అక్షరం రాయమని
చెవులు మెలేసినదాన్ని.
వంగాను. తెరుచుకుంది.

ఇక చిరునామా మార్చడమొక్కటే.
రెండు వరసలు చెరిపి రెండు వరసలు రాశాను.
ఈ సంగతి లోకమంతటికీ తెలియడానికి
నలభై ఎనిమిది గంటలు పట్టవచ్చు, అని రాశారు కింద.
శాంతియాగోలో మేనల్లుడికి అప్పుడే కనిపించింది.
ఎదుట కించావో దీవిలో
కంటికి ఆనే దూరంలో ఉన్న హెర్మిందాకి మాత్రం
ఇంకా పాత పేజీ, పోయినేటి ధరలు.

మా కుక్క కపితాన్ కూడా అంతే.
పడవలోంచి దూకి, ఒడ్డంతా చుట్టి
పాత చోటికి పరిగెత్తింది.
నాలుగు మొద్దులు మిగిలిన బురదలో
గుమ్మం ఉండాల్సిన చోట పడుకుంది.
పిలిచినా రాలేదు. రొట్టె పెట్టినా రాలేదు.
మూడోనాటి పొద్దున
ఎవరు చెప్పారో ఏమో
ఒళ్ళంతా బురదతో వచ్చి
కొత్త గడప మీద ముడుచుకుంది,
పుట్టింది అక్కడే అన్నట్టు.

మిగిలిన నాలుగు దుంపలూ ఎక్కించేశాను.
పాత చోట ఉన్నవి తుడిచెయ్యొచ్చు అంటాడు ఒస్వాల్దో.
ఇంకా తుడవలేదు.
వాన పడుతోంది కదా,
అక్కడ ఎవరైనా
పడుకుని ఉన్నారేమో.