మూడు వందల తొంభై ఒకటి

మనామా రేవులో ఆ రోజుల్లో రూపాయే చెల్లేది.
రాజుగారి తలకాయ ఉన్న అదే రూపాయి,
అవే అణాలు, అవే దమ్మిడీలు.
భీమిలి నుంచి దిగిన నాకు
లెక్క రాయడానికి కొత్త భాష అక్కర్లేకపోయింది.

అప్పుడే నూనె పడ్డ ఊరు.
మొన్నటిదాకా సముద్రం అడుగున
ముత్యపు చిప్పలు ఏరిన చేతులు
ఇప్పుడు ఇనుప గొట్టాలు మోస్తున్నాయి.
ఓడ వచ్చినప్పుడల్లా ఇంకో వంద నోళ్ళు.
బెర్బెరా నుంచి నల్లతల గొర్రెలు,
బుషహర్ నుంచి మేకలు,
రేవంతా ఒకటే అరుపు.
పాత దొడ్డి చాలదని ప్రిచర్డ్ దొర సర్కారుకు రాశాడు.
అంటే, ఆయన చెప్పాడు. రాసింది నేను.

మంజూరైంది: నలభై రెండు వేల మూడు వందలు.
తొట్లు ఆరు, గాడిదల మీద తెచ్చే మంచినీళ్ళతో.
కబేళాకి సిమెంటు గచ్చు,
నెత్తురు సముద్రంలోకి జారేలా వాటం.
రోగమొచ్చిన వాటికి వేరే కొట్టం.
తలకి పన్నెండు చదరపుటడుగుల నీడ.
తల అంటే గొర్రె తల.

ఆ నీడ వేసేవాళ్ళు ఎండలో ఉన్నారు.
బలూచీలు, అరవై మంది.
ఓడ వస్తే కప్పు పని ఆపి,
గొర్రెని మెడ చుట్టూ వేసుకుని
మొలలోతు నీళ్ళలో నడిచొస్తారు.
రాత్రికి ఉప్పునేల మీదే పడక.
ఆగస్టులో అక్కడ గాలంటే
ఉడికిన గుడ్డ తీసి మొహం మీద పరిచినట్టు.

వాళ్ళకో కప్పు కావాలని అర్జీ పెట్టాను.
మూడు వారాలకి తిరిగొచ్చింది, అంచున ఎర్రసిరాతో:
ఇందుకు పద్దు లేదు.

నిజమే, లేదు.
గొర్రెలకి ఉంది.
ఆ రాత్రి లాంతరు ముందు
మూడు వందల నలభై గొర్రెల్ని నాలుగు వందలు చేశాను.
దిద్దలేదు. దిద్దితే దొరుకుతాం.
కొత్త కాగితం మీద మొదటి నుంచీ రాశాను,
కుదురైన అక్షరాలతో, మా నాన్న మెచ్చుకునేలా.
పన్నెండు అడుగులంటే
రెండు వెడల్పు, ఆరు పొడవు.
మీరే వేసుకు చూడండి.

తూర్పు పక్క కప్పు సాగింది.
ఆ అరవైకీ గడ్డి కింద వచ్చిన డబ్బు
నెలనెలా ఖర్జూరమైంది, ఎండుచేపైంది.
శనివారం పుట్టినందుకు షంబే అని పేరున్నవాడు
పళ్ళన్నీ కనపడేలా అడిగేవాడు:
"మున్షీ, నేను ఎన్నో గొర్రెని?"
మూడు వందల తొంభై ఒకటి, అన్నాను.
ఎందుకన్నానో. నోటికొచ్చింది.
వాడు మిగతావాళ్ళకి చెప్పి మరీ
మేకలా అరిచి చూపించాడు.

సెప్టెంబరు ఆరు, మధ్యాహ్నం,
కప్పు లేని చోట, నీళ్ళకీ ఒడ్డుకీ మధ్య
మెడ మీది గొర్రెతో సహా పడిపోయాడు.
గొర్రె లేచింది.

సాయంత్రానికి పాతిపెట్టి వచ్చాం.
మూడో రాత్రి చూస్తే వాడి చోట
ఎవరిదో మేక పడుకుని నెమరేస్తోంది.
ఎవరూ తోలలేదు.

నెలాఖరున మరణాల గడి ఖాళీగా ఉంచుదామనుకున్నాను.
చెయ్యి ఊరుకోలేదు.
391. కారణం: ఎండ.

డిసెంబరులో ఆడిటు వచ్చింది.
నాలుగు వందలూ ఎవరూ లెక్కపెట్టలేదు.
గడ్డి అడగలేదు, ఖర్జూరం వాసన పట్టలేదు.
ఒక్కటే ఆక్షేపణ:
సెప్టెంబరులో చచ్చిన పశువు తోలు
అమ్మగా వచ్చిన సొమ్ము జమ కనపడదు.
గుమాస్తా సంజాయిషీ ఇవ్వాలి.

రేవులో అప్పటి ధర
తోలు ఒకటికి రూపాయి నాలుగణాలు.
నా జీతంలోంచి కట్టాను.
రసీదు ఇచ్చారు.