తోలినోడి తోలు

ఎర్రగడ్డ ఆదివారం సంతలో
బేరమాడి ఆరొందలకు తెచ్చిన జాకెట్,
నాకంటే పెద్దది, వయసులోనూ భుజాల్లోనూ.

నాంపల్లి స్టేషన్ గోడవార
గౌస్ మియా ముందు వాసన చూశాడు.
"కుడి మోచెయ్యే అరిగింది చూడమ్మా,
కిటికీల పెట్టి లారీ తోలినోడి తోలు ఇది."

అతుక్కి ముక్క లేదంటే
నా తెగిన హ్యాండ్‌బ్యాగు ఇచ్చాను.
మైనం పూసిన దారం, రెండు సూదులు
ఒకే రంధ్రంలో ఎదురెదురుగా దాటుకున్నాయి.

జేబు తిరగేస్తే ఇంత ఇసుక.
"దులపాల్నా?"
ఎందుకో వద్దన్నాను.

"కొబ్బరినూనె పెట్టకు, బూజొస్తది."
నూట ఎనభై తీసుకున్నాడు.

ఈ ఊరి చలి ఎంతని, మూడు వారాలు.
ఏసీ బస్సులో కుడివైపు కూర్చుంటే
కొత్త అతుకుతో మోచెయ్యి
తెరుచుకోని అద్దం అంచుకి
తనే వెళ్ళి ఆనుకుంటోంది.