రాయే తక్కెడ

నాన్న కొట్టు మోండా మార్కెట్ వెనక సందులో.
ఈశ్వరాచారి అంటే ఎవరికీ తెలీదు,
కాంటాల ఆచారి అంటే
తోటకూర అమ్మే పిల్ల కూడా చేయి చూపిస్తుంది.
ముల్లు అరిగిన తక్కెడలు, వంగిన దండెలు,
సర్కారు ముద్ర కోసం వరసలో నిలబడ్డ ఇనప రాళ్ళు.

"నువ్వు తూచేది ఎంతుంటదే?"
అన్నాడు మొన్న, అన్నం కలుపుతూ.
గురిగింజ కంటే తక్కువ, అన్నాను.
"వీసం కంటేనా?"
వీసమంటే మా దగ్గర మౌలాలి గుట్ట.
"మరి అంత చిన్న రాయి ఏడ దొరుకుతది?"
రాయి లేదు నాన్నా.
రాయే తక్కెడ.

నాచారంలో మూడో అంతస్తు. పదకొండు దాటింది.
పలుగురాయిని ఉల్లిపొరలా కోసి
రెండు వైపులా బంగారం పూసిన బిళ్ళ,
చొక్కా గుండీ అంత.
కరెంటు తగిలితే
సెకనుకు యాభై లక్షల సార్లు వణుకుతుంది.
చిన్నప్పుడు దుప్పట్లో దూరి
రెండు పలుగురాళ్ళు రాకితే ఒక పచ్చని మెరుపు,
కాలిన వాసన,
తమ్ముడి ముక్కు కనిపించి మాయమయ్యేది.
ఆ రాయే ఇది.
బడికి వెళ్ళొచ్చింది, అంతే.

బంగారం మీద ప్రోటీన్‌ని కట్టేసి వెళ్ళింది తబస్సుమ్,
ఐదున్నర బస్సు అందుకునే ముందు.
ఏ జబ్బుదో చెప్పను.
చెప్పనని సంతకం పెట్టాను.
దాని మీదుగా ఉప్పునీళ్ళు, చీమ నడకతో.
తెర మీద గీత, లాగి కట్టిన దారంలా.
ఎవరైనా తలుపు తీస్తే బెదురుతుంది.
నీళ్ళలో బుడగ వస్తే రాత్రంతా పోయినట్టే.
ఊపిరి కూడా పక్కకు తిరిగి వదులుతాను,
దానికి పట్టదని తెలిసినా.

నలభై ఏడో మందు వదిలాను.
గీత దిగింది.
యాభై లక్షల్లో మూడు తగ్గాయి.
మూడే.
కడిగాను. పోలేదు.
పది నిమిషాలు. ఇరవై.
గుమ్మంలో నిలబడి పలకరించి పోయే చుట్టాల్ని
ఈ నెలలో నలభై ఆరుమందిని చూశాను.
ఇది చెప్పులు విప్పింది.

తబస్సుమ్‌కి ఫోన్ చేయబోయి ఆగాను.

ఏ కాంటా వచ్చినా నాన్న ముందు అందులో ఏమీ పెట్టడు.
ఖాళీ పళ్ళేలు చూస్తాడు.
తర్వాత తలకిందులు చేసి వేలితో తడుముతాడు.
అడుగున చింతపండు ముద్ద,
ఒకసారి అయస్కాంతం ముక్క,
ఒకసారి ఎవరో నమిలి అంటించిన బబుల్‌గమ్.
"అన్నీ దొంగతనాలు గావు బిడ్డా,
కొన్నిటికి అంటుకునుడే అలవాటు."

ఒట్టి బిళ్ళ పెట్టాను.
ప్రోటీన్ లేదు, బంగారం ఒక్కటే.
అదే ఉప్పునీళ్ళు, అదే నలభై ఏడు.

గీత దిగింది.
మూడు.

నోటుబుక్‌లో రాశాను:
నలభై ఏడు, దేనికైనా అంటుకుంటుంది.
పెన్ను మధ్యలో ఆగితే విదిలించి మళ్ళీ రాశాను.
బిళ్ళను కడిగి ఆరబెట్టి బిగిస్తే
మూడూ తిరిగొచ్చాయి.
రాయి తన లెక్కలోకి తాను వచ్చేసింది.
నాకు ఇంకాస్త పట్టింది,
కారిడార్‌లో రెండుసార్లు అటూ ఇటూ నడిచేంత.

తెల్లవారి మోండాలో దిగాను.
కొట్టు ఇంకా తెరవలేదు.
పావుకిలో పచ్చిమిరప అడిగితే
ఆవిడ నాన్న బాగుచేసిన కాంటాయే ఎత్తింది,
ముందు ఖాళీగా.
ముల్లు నిలిచాక రాయి, తర్వాత మిరప.
సంచిలో పోశాక
నాలుగు కరివేపాకు రెమ్మలు పైన పడేసింది,
కొసరు,
తూచకుండా.

నలభై ఎనిమిది ఫ్రిజ్‌లో ఉంది.