ఇరుసు

ఆటోనగర్ నాలుగో రోడ్డులో
పాత లారీ ఇరుసొకటి కొలిపించాను.
ఆరడుగులకు బెత్తెడు తక్కువ.
"సరిపోద్దా?"
"మిక్సరు బరువెంతో చెప్పండి ముందు"
అన్నాడు నాగుల్ మీరా, ముసుగు ఎత్తకుండానే.

షోరూము ట్రాలీ అయితే
ఎర్రరంగు, కాగితాలు,
నెలకి ఏడువేల చొప్పున మూడేళ్లు.
ఇక్కడ అంతా కిలోల లెక్క:
చానలు, యాంగిళ్లు, అరిగిన రెండు టైర్లు,
ఇక "రేపు రండి" అనే మాట
ఎన్ని కిలోలో.

కొన్నదైతే బ్రేకు ఇనస్పెక్టరు
జోలికి రాడంటాడు మా సుభాని.
నిజమే.

కానీ పోయిన వేసవిలో నున్న దగ్గర
అద్దె ట్రాలీ కొక్కెం విరిగి
నా మిక్సరు ఒక్కతే
రోడ్డుకి అడ్డంపడి పోవడం చూశాను.
ఎదురుగా స్కూలు ఆటో.
మధ్యలో జానెడు గాలి.
అదీ షోరూముదే, కొత్తదే.
ఆ కొక్కెం అతికిన చెయ్యి ఎవరిదో
అడుగుదామంటే
రసీదులో పేరు లేదు.

"కొక్కెం మాత్రం రెండుసార్లు అతుకు" అన్నాను.
అప్పుడెత్తాడు ముసుగు.
కళ్ల చుట్టూ ఎర్రటి చారలు.
"మూడుసార్లు. డబ్బులు రెండింటికే."

సుద్దముక్కతో ఇరుసు మీద రాసుకున్నాడు,
ఒక అక్షరం తప్పుగా:
వీరరాగవమ్మ గారు, మిక్సరు.
నేను దిద్దలేదు.
అడ్వాన్సు లెక్కపెడుతున్నాను.