చెప్పుల డబ్బాల జూ

పలమనేరు చెప్పులంగడి రెడ్డెప్ప
ఖాళీ డబ్బాలు పద్నాలుగిచ్చాడు.
పదిహేనోదాన్లో పిల్లి ఈనిందట, ఇవ్వలేనన్నాడు.
అట్టకు గీతలు గీసి, కోసి, ఊచలు చేశాను.
మా అంగన్‌వాడీలో ఇవాళ జూ తెరిచాం.

బొమ్మల పుస్తకంలో ఒక తాత ఉంటాడు,
పొద్దున్నే బకెట్టు పట్టుకుని
ఒక్కో గది ముందూ ఆగుతాడు.
మేమూ ఆగాం.
కోతికి అయిదు చింతగింజలు లెక్కపెట్టి పెట్టింది జశ్విత,
ఆరోది గౌను జేబులో వేసుకుంది.
జిరాఫీ ఎంత ఎత్తో చూపిస్తానని నిహాంతు
కుర్చీ ఎక్కి, కుర్చీతో సహా పడి,
ఏడవాలా వద్దా అని నా మొహం చూశాడు.
నెమలి ఎట్ల నడుస్తుందంటే
ఆయా మునెమ్మ కూడా
గరిటె పట్టుకునే నడిచింది.

ఇక ఏనుగు.
దానికని పెద్ద డబ్బా దాచాను, బూట్లది.
బంకమట్టి ఏనుగుని లోహిత్ చేతిలో పెట్టి
"దీన్నింట్లో పెట్టు నాయనా" అన్నాను.

వాడు పెట్టలేదు.
"టీచర్, ఏనిగ ఈడ పట్టదు.
మా టమాటా తోటకే పట్టలేదు.
రాత్రి మా నాయన రేకు డబ్బా కొట్నాడు, టపాకాయ ఏసినాడు.
కదల్లేదు.
మా జేజి వాకిట్లో నిలబడి
'పో సామీ, పో గణపయ్యా' అని దండం పెట్టింది.
అప్పుడు పొయ్యింది."

పుస్తకంలో ఆ పేజీ విప్పి చూశాను.
నీళ్ళ తొట్టి ఉంది, నవ్వుతున్న ఏనుగుంది.
తోట లేదు.
డబ్బా చప్పుడు లేదు.

"మరెక్కడ పెడదాం?"

వాడు మూలకు పోయి
మట్టిముద్దల్లో చీపురుపుల్లలు నిలబెట్టాడు,
మునెమ్మ సాంబారుకి తెచ్చిన కొత్తిమీర కాడలు గుచ్చాడు.
"ఇది కౌండిన్య అడివి."
ఏనుగుని అందులో వదిలాడు.
మూత లేదు, ఊచల్లేవు.
ముందు మాత్రం సుద్దముక్కతో అడ్డగీత గీసి
"ఇట్ల రాకూడదు, తెలిసిందా" అని
దానికి వేలు చూపించాడు, అచ్చం నాలాగే.

జశ్విత చాలాసేపు ఆలోచించింది.
జేబులోంచి ఆరో చింతగింజ తీసి
గీతకు అవతల, ఏనుగు వైపు పెట్టింది.
"ఆకలేస్తే వచ్చేస్తాది కదా."

సాయంత్రం బూట్ల డబ్బా
రెడ్డెప్పకు తిరిగిచ్చాను.
పిల్లికూనలు పెరిగాయట,
పాతది చాలడం లేదట.